ముప్పదియారు చువ్వల చక్రము

జ్యేష్ఠమాసమున మధ్యాహ్నమార్తాండుడు నడిమింట నిలిచి నిప్పులు చెరుగుచుండగా గుత్తి దుర్గశైలము తన శిథిలప్రాకారపరంపరలతోడను బీటలువారిన బురుజులతోడను కొలిమిలో కాలి యెర్రనైన మహాలోహపిండము చందమున జ్వలించుచుండెను. కొండపాదము నొరసికొని గుంతకల్లునకు బోవు రహదారిపై తారు కరగి బండ్ల చక్రముల కంటుకొనుచుండెను. తుమ్మచెట్ల నీడలు చెట్టు మొదళ్లకే ముడుచుకొనిపోయెను. కాకులు నోళ్లు తెరచుకొని రెక్కలు వ్రేలవేసి రేకులచూరుల క్రింద నక్కియుండెను. పడమటిదిక్కున వానమబ్బు జాడ యింతయు లేకుండెను.

ఆ రహదారి ప్రక్కన రేకులు కప్పిన కొట్ట మొకటి కలదు. తైలపంకమలినమై నల్లబారిన దాని నేలపై వెనుకచక్రము లేని పాత మోటారుసైకి లొకటి రెండు రాళ్ల యూతమీద నిలిచియుండెను. దాని కెదురుగా నులకమంచముపై ఏబదియెనిమిది వత్సరముల పురుషు డొకడు పరుండి యుండెను. వాని కుడిచేయి యెండుకొమ్మవలె రొమ్ముపై బడియుండెను. కుడికాలు కదలకుండెను. కన్నులు మాత్రము నిద్రాహారములయందుదప్ప తక్కిన వేళలందెల్ల ఆ బండిమీదనే నిలిచియుండెను. అతని పేరు దస్తగిరి.

దూదేకుల కుటుంబమున బుట్టియు తండ్రి చేతి దూదియేకు బద్దను విడిచి బాల్యముననే యినుపపనిలో జొచ్చిన దస్తగిరి ముప్పది వత్సరములుగా ఆ కొట్టములో చక్రములు అల్లుచుండెను. చక్రము అల్లుట యనగా నడుమనున్న నాభిని చుట్టునున్న నేమితో ముప్పదియారు ఉక్కుచువ్వలచేత బంధించుట. ఆ చువ్వలు నాలుగు తొమ్మిదులుగా విడివడి ఒకదానిమీదుగా నొకటి క్రిందుగా నొకటి పోయి నేమి రంధ్రములందు చిన్న మరలచేత బిగింపబడవలెను. అచ్చున బోసిన చక్రములు దేశమంతట వ్యాపించిన పిమ్మట ఈ విద్య నేర్చినవా రరుదైరి. దస్తగిరి మాత్రము కన్నులు మూసికొని అల్లగలవాడు. అల్లిన చక్రమును దిప్పి ఒక్కొక్క చువ్వను గోటితో మీటి ధ్వనినిబట్టియే బిగువు నిర్ణయించువాడు.

ఇరువది దినములకు పూర్వ మొక యుదయమున క్రొత్తనేమిని ఒడిలో నుంచుకొని తొమ్మిది చువ్వలు గ్రుచ్చి పదియవదానికై చేయి చాచినప్పుడు ఆ చేయి వానిదికాక పోయెను. నేమి దొర్లి వాకిటికి బోయెను. మనుష్యుడు ప్రక్కకు నొరిగెను. వైద్యులు ప్రాణమును నిలిపిరి గాని వాక్కును నిలుపజాలరైరి. ఒక్క మాట మాత్రము మిగిలెను. అది “ఉండు” అను మాట. దాహమైనను ఉండు; నొప్పియైనను ఉండు; పలుకరింప వచ్చినవారికిని ఉండు; సెలవు గైకొని పోవువారికిని ఉండు. తాను చెప్పదలచినది వేరొకటియై నోట వెడలునది ఇదియే యగుటను తానే విని విస్మితుడై అతడు కన్నీరు నించుకొనుచుండెను.

అతనికి దిక్కు చెల్లెలు మాబున్నీ. ఏబదియేండ్ల యా విధవ కొట్టము వెనుకనున్న రెండుగదుల యింట అన్నతో గలసి కాపుర ముండి పరుపులు కుట్టి జీవించుచుండెను. దస్తగిరి భార్యయు కాలము చేసి పదియేండ్లయ్యెను. మూరెడు సూదితో బొంతపరుపును కుట్టుటలో మాబున్నీకి సాటి యా పేటలో లేదు. అన్నకు స్నానము చేయించుట, సంకటి కలిపి నోట నిడుట, ప్రక్క మార్చి పరుండబెట్టుట మొదలైన పనులెల్ల ఆమె విసుగెరుగక చేయుచుండెను. అతని మాట యర్థము చేసికొనుట యొక్కటియే ఆమెకు చేతగాకుండెను. అవునన్నచో కన్ను మూయుమని ఆమె నేర్పజూచెను. అతడు అవునన్నను కాదన్నను కన్ను మూయుచుండుటచే ఆ యుపాయమును విడిచెను.

ఆ మధ్యాహ్నము బండి యజమానుడైన సిద్దప్ప కొట్టమునకు వచ్చెను. అతడు పశువైద్యశాలలో సహాయకుడు. మంచుపెట్టెలో మందు నిడుకొని బండిపై గట్టుకొని కొండల నడుమనున్న గొల్లకొట్టములకు బోయి గొర్రెలకు టీకాలు వేయుట వానిపని. వంక దాటుచుండ బండరాతికి గొట్టుకొని వెనుకచక్రము నలిగిపోగా క్రొత్తనేమిని దెచ్చి దస్తగిరి కిచ్చియుండెను. ఈ ఇరువది దినములలో అతడు నాలుగుమారులు వచ్చి రోగిని పలుకరించి బండి మాట యెత్తకయే పోయెను. నేడు మాత్రము తలవంచుకొని నిలిచెను.

“అక్కా, అనంతపురంలో ఒకాయన చక్రాలు అల్లుతాడంట. బండిని ఆటోలో ఏసుకొని పోదామని వచ్చినా.”

“ఎన్ని దినాల్లో ఇస్తాడంట?”

“పదైదు దినాలన్యాడు. ఏం చేసేది? కొండకొట్టాల్లో బొబ్బరోగం మొదలైంది. గొర్రెపిల్లలు రాలిపోతాండాయి. నడిచి పోదామంటే మందుకు ఐసు నిలబడదు.”

ఇట్లు పలికి అతడు గోడకు జేరవేసియున్న నేమిని ఎత్తబోయెను. మంచమునుండి దస్తగిరి యెడమచేయి చాచి నేమి యంచును పట్టుకొనెను. “ఉండు” అనెను. సిద్దప్ప విడిపింప యత్నింపలేదు. దస్తగిరి మరల “ఉండు, ఉండు” అనెను. ఆ వ్రేళ్లు తెల్లబారునంతగా బిగిసియుండెను. ఒకరు లాగక ఒకరు విడువక ఆ యిరువురును నేమిని పట్టుకొని యుండుట చూచి మాబున్నీకి గుండె నీరయ్యెను.

“పెట్టన్నా దాన్ని ఆడ,” అని సిద్దప్పతో ననెను. “మూడు దినాలు గడువియ్యి. నేను అల్లిస్తా.”

సిద్దప్ప యామె మొగమును జూచెను. “నీకొచ్చునా అక్కా?”

“రాదు. చూసినా. పదేండ్లాయ చూడబట్టి.”

అతడు నేమిని విడిచి “సరేలే” అని పోయెను. అతడు పోయిన తరువాతగాని తాను వాగ్దానము చేసిన దేదియో మాబున్నీకి తెలియలేదు.

మరునాడుదయమున ఆమె డబ్బాలోని చువ్వలను చాపమీద బోసి కూర్చుండెను. దస్తగిరి పడిపోయిననాడు ఎవరో నేమినుండి తొమ్మిదింటిని ఊడదీసి అన్నిటితో గలిపి వేసియుండిరి. చూచుట కన్నియు నొక్కటిగనే యుండెను. ఒక్కొక్కదానిని నేలపై బెట్టి చూడగా కొన్నిటి మెడ ఎక్కువగను కొన్నిటి మెడ తక్కువగను వంగియుండుట కనబడెను. వేరుచేసి లెక్కింపగా పదునెనిమిది పదునెనిమిదిగా దేలెను. ఆ చిన్న విజయమునకే ఆమె పొంగిపోయెను. దారముతో దూదిని బంధించిన చేతులకు ఉక్కు మాత్రము లొంగదా యని తలచెను. బండికి ముందుచక్రము చెక్కుచెదరక యున్నది గనుక దానిని జూచి అటులనే యల్లవచ్చునని నిశ్చయించుకొనెను.

మొదటి తొమ్మిది సులువుగా బోయెను. నాభిలో ఒక రంధ్రము విడిచి ఒకదానను నేమిలో మూడు విడిచి ఒకదానను గ్రుచ్చుచుబోయెను. రెండవ తొమ్మిదియు బోయెను. అటుపిమ్మట నాభిని మెలిపెట్టి మూడవవరుసను అడ్డముగా దీసికొని పోవునప్పుడు దస్తగిరి “ఉండు” అనెను. ఆమె యాగెను. అతడు మరల “ఉండు” అనెను. ఆపుమనుటయో సాగింపుమనుటయో తెలియక కొంతసేపు చువ్వను చేతబట్టుకొని కూర్చుండి తుదకు సాగించెను. సాయంకాలమునకు ముప్పదియారును నేమిని జేరినవి గాని సగము చువ్వలు మరలను దాటి వ్రేలెడు పొడుచుకొని రాగా తక్కిన సగము మరలకు అందకయే నిలిచిపోయెను. ముందుచక్రపు నాభి చిన్నది. వెనుకచక్రపు నాభి పెద్దది. ఒకదాని యల్లిక వేరొకదానికి సరిపడదని ఆమె కెవరును చెప్పియుండలేదు. చెప్పగలవాడు చేరువనే పరుండి యుండెను.

రెండవదినమున మూడుమా రల్లి మూడుమారులు విప్పెను. ఒకమారు ఎడమప్రక్క చువ్వ కుడిప్రక్క రంధ్రమున బోయెను. ఒకమారు నాభి తలక్రిందయ్యెను. మూడవమారు అంతయు కుదిరినదని యానందించునంతలో గాలిగొట్టవలసిన రంధ్రముమీదనే రెండు చువ్వలు దాటిపోవుటచే పంపుమూతి దూరుటకు సందు లేకపోయెను. వ్రేలికొనలు చిట్లి నెత్తురు నూనెతో గలిసెను. అంతసేపును మంచముమీదనుండి “ఉండు, ఉండు” అను ధ్వని యాగకుండెను. ఒకప్పుడు మెల్లగా. ఒకప్పుడు గద్దించునట్లు. ఒకప్పుడు బ్రతిమాలునట్లు.

మూడవమారు విప్పునప్పు డామె చేతిలోని చువ్వలను నేలపై విసరికొట్టెను.

“ఉండు అంటే ఏమని? ఆపమంటావా, ఎయ్యమంటావా? ఏదో ఒకటి చెప్పన్నా. నేనేమని తెలుసుకోవాల?”

దస్తగిరి నోరు తెరచెను. పెదవులు ఏదో యక్షరమును వెదకుచు కదలెను. కంఠమున నరములు ఉబ్బెను. ఎంతయో ప్రయాసముమీద వెడలినది మరల నా మాటయే. అది విని అతడు కన్నులు మూసికొని మొగమును ప్రక్కకు ద్రిప్పుకొనెను. మూసిన రెప్పల సందునుండి నీరు చెవిలోనికి జారెను. అక్షరములన్నియు లోపల నుండగా ఒక్కటియు చేతికి రాని వానిముందు తన చిట్లిన వ్రేళ్లెంత యని ఆమె సిగ్గుపడి కొంగుతో అతని చెంపను తుడిచెను. చువ్వల నేరుకొనెను.

తరువాత చేయునది లేక కొట్టము నూడ్చెను. ఊడ్చి ఊడ్చి అలసి నేమిని ఒడిలో నిడుకొని గడపమీద కూర్చుండి చీపురునుండి జారిన పుల్ల నొకదానిని తీసికొని ఊరక దాని రంధ్రమున గ్రుచ్చెను. పుల్ల నిట్టనిలువుగా నిలువక ఎడమకును ముందునకును వాలెను. ఆమె దానిని తీసి ప్రక్కరంధ్రమున గ్రుచ్చెను. అది కుడికిని వెనుకకును వాలెను. రంధ్రములన్నియు నొక్కరీతిగ దొలువబడలేదనియు ఒక్కొక్కటి తన చువ్వ యేదిక్కునుండి రావలెనో ఆ దిక్కునకే యొరిగి తొలువబడినదనియు అప్పుడు గ్రహించెను. చీపురును విప్పి ముప్పదియారు పుల్లలను ముప్పదియారు రంధ్రములందు గ్రుచ్చెను. అవి నడుమకు వాలి తమంతట తామే నాలుగు తొమ్మిదులుగా విడిపోయి గాలిరంధ్రము నొద్ద చక్కగా సందు విడిచెను. రెండుదినములుగా తా నడుగుచుండిన ప్రశ్నకు ప్రత్యుత్తరము తన యొడిలోనే యుండెను గదా యని ఆమె ఆ పుల్లల నట్లే చూచుచు కూర్చుండెను.

మూడవదినము ప్రొద్దెక్కకమునుపే పుల్ల తీసినచోట చువ్వను గ్రుచ్చుచు గ్రుచ్చుచు అల్లిక ముగించెను. ఒక్క చువ్వయు హెచ్చులేదు తగ్గులేదు. అయినను అల్లుట సగము పనియేయనియు చక్కగా దిరుగునట్లు చేయుట తక్కిన సగమనియు ఆమె యెరుగును. చక్రమును బండికి దొడిగి నేమిప్రక్కను సుద్దముక్క నానించి త్రిప్పెను. ఒకచోట సుద్ద గీసుకొనెను. ఒకచోట అంగుళము దూరమున నుండెను. గీత పడినచోట నెదుటి చువ్వను బిగించెను. వంకర యెక్కువయ్యెను. మర నేమివైపునుండి చూచినచో నొకదిక్కునకును నాభివైపునుండి చూచినచో దానికి వ్యతిరేకదిక్కునకును తిరుగునని మరచి బిగించునప్పుడు వదులు చేయుచు వదులు చేయునప్పుడు బిగించుచు అపరాహ్ణ మంతయు గడపెను. తుద కొక చువ్వ ఠంగున దెగి ఎగిరి ఆమె గడ్డమును చీరెను. వేరొక చువ్వ యింట లేదు.

సూర్యుడు కోటబురుజుల వెనుకకు వాలుచుండ సిద్దప్ప వచ్చెను. భుజమున మంచుపెట్టె యుండెను.

“అయిందా అక్కా?”

“అల్లినా. సక్కంగా తిరగల్యా. ఒక చువ్వ తెగింది.”

అతడు చక్రమును ద్రిప్పి చూచెను. అది త్రాగినవాని నడకవలె ఊగుచు తిరిగెను. “మెల్లగా పోతాలే,” అనెను. “ఈ పొద్దు పోతే తెల్లారేసరికి రెండు కొట్టాలూ అయిపోతాయి.”

“కొండ దిగేటప్పుడు ఇంకోటి తెగితే?”

అతడు బండివైపు అడుగు వేసెను. మాబున్నీ బండికిని అతనికిని నడుమ నిలిచెను. గడ్డముమీది నెత్తు రింకను ఆరలేదు.

“నేనియ్యనన్నా. పిల్లలు చస్తాయని నాకు తెలుసు. నువ్వు నడిచి పోతావనీ తెలుసు. అయినా ఇయ్యను.”

సిద్దప్ప కోపగింపలేదు. కోపగించినచో ఆమెకు కొంత తేలికగా నుండెడిది. “సరే. అనంతపురం బస్సు కండక్టరుకు చెప్పి చువ్వలు తెప్పిస్తా,” అని పలికి పెట్టెను ఒక భుజమునుండి వేరొక భుజమునకు మార్చుకొని కొండదారిని బట్టి నడచిపోయెను. తా నొక మేలు చేసితినో ఒక కీడు చేసితినో తెలియక ఆమె వాకిట నిలిచెను.

మరునాడు చువ్వలు వచ్చెను. తెగినదానిచోట క్రొత్తదానిని గ్రుచ్చి మాబున్నీ మరల సుద్దముక్కను బట్టుకొనెను. చేతులు ముందునకు సాగలేదు. ఒంటరిగా నింకొకమారు ఓడిపోవుటకు ఆమెకు శక్తి లేకుండెను. కావున చక్రమును బండినుండి విప్పి మంచము నొద్దకు దెచ్చి నాభియందుండు నిరుసును రెండు పీటల నడుమ నిలిపి అన్న యెడమచేతిని ఎత్తి చువ్వలమీద బెట్టెను. ఇంతవరకు ఆ చేతికి ఆమె పని యేమియు నిచ్చియుండలేదు. రోగి యనగా సర్వాంగములందును రోగియే యని తలచియుండెను.

దస్తగిరి బొటనవ్రేలిగోటితో ఒక చువ్వను మీటెను. సన్నని ధ్వని వెడలెను. “ఉండు” అనెను. ప్రక్కదానిని మీటెను. “ఉండు.” దాని ప్రక్కదానిని మీటి ఊరకుండెను. నాల్గవదానికి “ఉండు.” అతడు ఊరకున్న చువ్వను మాబున్నీ తాను మీటి చూచెను. తక్కినవాటిని మీటి చూచెను. ఊరకున్నదాని స్వరము వేరు. మాటయం దర్థము వెదకి వేసారిన యామెకు మౌనమునందు ‘సరి’ యను నర్థ మున్నట్లు తోచెను. తోచుటయే గాని నిశ్చయము లేదు. అలసి యూరకున్నాడేమో. మరచి యూరకున్నాడేమో. అయినను వేరు దారి లేక ఆమె అతడు మౌనము వహించునంతవరకు ఒక్కొక్క చువ్వను పావుచుట్టు చొప్పున బిగించుచును వదులుచేయుచును పోయెను. ఆ దినమును మరునాటి మధ్యాహ్నము వరకును వా రిరువురట్లే పనిచేసిరి. సుద్దగీత నిడివి జానెడై బెత్తెడై వ్రేలెడయ్యెను. దస్తగిరి గోరు నల్లబడి చిట్లినను అతడు చేయి తీసికొనలేదు.

ఐదవదినమున ప్రొద్దు వాలుచుండ సిద్దప్ప తిరిగివచ్చెను. చెప్పులు చేతబట్టుకొని బొబ్బలెక్కిన పాదములతో వచ్చి వాకిట కూర్చుండెను. మాబున్నీ నీరిచ్చెను.

“పైకొట్టంలో అందరివీ ఏసినా అక్కా. కిందికొట్టం చేరేసరికి ఐసు నీళ్లయింది. మందు పారబోసినా.”

“పిల్లలు?”

“పోయినాయి. కిందికొట్టం మారెన్న మందలో ఒక్క పిల్ల మిగల్యా.” ఇట్లు చెప్పి అతడు చెంబును నేలపై బెట్టెను. “నువ్వు బండి ఇచ్చింటే ఏమయ్యుండేదో నాకూ తెలీదు. దాన్ని గురించి ఆలోచించొద్దు.”

ఆమె ఆలోచింపకుండుట కెట్లు వీలగును? ఒక వంకరచక్రమునకు అతని యెముకలను అప్పగింపలేకపోయినందులకు ఆ మందలో పిల్లలు రాలిపోయినవి. అప్పగించియున్నచో మందయు పోయి అతడును వంకలో పడియుండవచ్చును. ఈ రెండింటిలో నేది నిజమో త్రాసున వేసి చూపువా డెవడును లేడు. ఆమె లేచి చక్రమును దెచ్చెను. ఇరువురును గలిసి గొట్టమును టైరును దొడిగి గాలి నింపి గొలుసు తగిలించి రాళ్లు తీసి బండిని నేలపై నిలిపిరి.

“మొదటి దినం మెల్లగా పో,” అని ఆమె చెప్పెను. “వంక దాటినాక ఆగి, చువ్వలు చేత్తో పట్టి చూడు. వదులైంటే ఆడ్నుంచే తిరిగి రా. ఎంత తొందరైనా సరే.”

సిద్దప్ప తలయూపెను. మంచము నొద్దకు బోయి దస్తగిరి యెడమచేతిని రెండుచేతులతో బట్టుకొని “పోయొస్తాన్నా” అనెను. దస్తగిరి అతనిని చూచెను గాని పలుకలేదు.

బండి రహదారి యెక్కెను. మాబున్నీ వాకిట నిలిచి చూచుచుండెను. చక్రము తిరుగుచుండెను. అన్యులకు కనబడని యొక సన్నని యూపు, నూలుపోగంత, దానియందు మిగిలియుండుట ఆమెకు కనబడెను. పిలిచి ఆపవలెనని నోరు తెరచెను. అంతలో బండి మలుపు తిరిగెను. ధూళి లేచెను. ధూళియు వాలెను. అప్పు డామె మనస్సున నింతకుముం దెరుగని భయ మొకటి ప్రవేశించెను. ఆ చక్రము రాళ్లమీద పోవుచుండును. వంకలు దాటుచుండును. కొండలు దిగుచుండును. దానిమీద నొక మనుష్యుడు కూర్చుండి యుండును. తన చేయి మాత్ర మీ వాకిటనే యుండును.

ఆమె లోపలికి దిరిగెను. దస్తగిరి మంచముమీద ఎడమమోచేతి నూతగొని తల నెత్తియుండెను. అతడామెను చూచుటలేదు. బండి నిలిచియుండిన ఖాళీచోటును గూడ చూచుటలేదు. ఊపిరి బిగబట్టి దూరమున కొండదారి నెక్కుచున్న యంత్రపు ధ్వనిని వినుచుండెను. ఎన్నడో యన్న యొక్కొక్క చక్రమును పంపిన పిమ్మట గడియసేపు ఎవరితోను పలుకక కూర్చుండుటను చూచి అది యలసట యని తలచిన దినములు మాబున్నీకి జ్ఞప్తికి వచ్చెను. చేతినుండి వెడలిన వస్తువువెంట చేసినవాని చేయి పోజాలదు. చెవి మాత్రము కొంతదూరము పోవును. ముప్పది వత్సరములు అతడా దూరమును ఒంటరిగా బోయియుండెనని ఆమె కప్పటికి దెలిసెను.

ఆమె వచ్చి మంచముకోడు నొద్ద నేలపై కూర్చుండెను. ధ్వని సన్నగిల్లి తుమ్మెద ఝంకారమంతయై కొండవెనుకకు బోయెను. మరల నొకమారు వినబడెను. పిమ్మట వినబడలేదు. అన్నాచెల్లెండ్రిరువురును తల లెత్తి ఆ దిక్కునకే చెవియొగ్గి సంజచీకట్లు కొట్టమున నిండువరకు కదలక కూర్చుండిరి.